పలుకని రోగితో పలుకుట

రోగి పడక ప్రక్కన నిలిచి మనము మాటలాడు మాటలు మూడు విధములు. రోగితో మాటలాడునవి మొదటివి. రోగిని గురించి ఇతరులతో మాటలాడునవి రెండవవి. రోగికి సంబంధము లేకయే, ఆయన మీదుగా ఒకరితో నొకరము చెప్పుకొనునవి మూడవవి. రోగి కన్నులు తెరచి బదులు చెప్పుచున్నంతవరకు ఈ మూడును తమ తమ హద్దులలో నుండును. పిలిచినను పలుకని స్థితి వచ్చిన మరుక్షణము మొదటి విధపు మాటలు ఆగిపోవును. తక్కిన రెండును పెరుగును. పడక మీద నున్నది మనిషియే యైనను, గదిలోని సంభాషణలో ఆ మనిషికి చోటుండదు. ఈ మార్పు తగినది కాదనియు, నర్సులు దీనిని ఎట్లు సరిదిద్దుకొనవచ్చుననియు చెప్పుట ఈ ప్రసంగము ఉద్దేశము. ఇది నర్సులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. మన ఆస్పత్రులలో రోగి ప్రక్కన నర్సుకంటె ఎక్కువసేపు కూర్చుండువారు బంధువులు. నేడో రేపో ఆ స్టూలు మీద కూర్చుండవలసిన అవసరము మనలో ప్రతివారికిని వచ్చును.

నేను శిక్షణ పొందుచున్న దినములలో మా వార్డులో 12వ నంబరు పడక మీద ఒక వృద్ధురాలు ఉండెడివారు. పక్షవాతము వచ్చి నాలుగు దినములైనది, స్పృహ లేదు. నేనును, నా తోటి విద్యార్థినియు ఆమెను ప్రక్కకు తిప్పి దుప్పటి మార్చుచున్నాము. వెనుకటి రాత్రి హాస్టలులో జరిగిన ఏదో తగవును గూర్చి ఆమె తలమీదుగా చెప్పుకొనుచున్నాము. నడుమ నా తోటి యామె "ఈ పన్నెండో నంబర్ని నీ వైపు లాగు, దీని బరువంతా నా మీదే పడుతోంది" అన్నది. పడక కాళ్లవైపున ఆ వృద్ధురాలి కుమారుడు నిలిచియుండెను. పల్లెటూరి మనిషి, మా పనికి అడ్డు రాకూడదని గోడకు ఒదిగి నిలిచినాడు. అతడు కోపగించుకొనలేదు. "మా అమ్మకి పేరుందండీ" అని ఆ పేరు చెప్పి, "ఊళ్లో అందరూ పెద్దమ్మగారంటారండీ" అని ఊరకుండెను. మేమిద్దరమును తలలు వంచుకొని దుప్పటి సరిచేసితిమి.

ఆ సాయంకాలము మా వార్డు సిస్టరుగారు ఆ పడక వద్దకు వచ్చినారు. జరిగినది ఆమెకు ఎవరు చెప్పిరో తెలియదు. మమ్ము మందలింపలేదు. వృద్ధురాలి భుజము మీద చేయి వేసి, చెవికి దగ్గరగా వంగి, "పెద్దమ్మగారూ, నేను సిస్టర్ని. సాయంత్రం ఆరు గంటలయింది. మీ అబ్బాయి ఇక్కడే ఉన్నాడు. మీ నోరు ఆరిపోయినట్టుంది, తడిగుడ్డతో తుడుస్తాను" అనిరి. కొంచెమాగి, అప్పుడు పని ప్రారంభించిరి. పెద్దమ్మగారు కదలలేదు. మూడవ నాడు ఆమె మరణించిరి. కుమారుడు ఆమె వస్త్రములు మూట కట్టుకొనుచు, "సిస్టరుగారు మా అమ్మను పిలిచారండీ" అని మాత్రము నాతో అనెను. ఆమె వినినారో లేదో నాకు తెలియదు. ఆ కుమారుడు వినినాడు.

ఇందులో మన భాషకు సంబంధించిన సంగతి యొకటి యున్నది. తెలుగులో గౌరవమును తెలుపుటకు వేరే మాటలు వెదకనక్కరలేదు. క్రియాపదము చివరనే అది తెలిసిపోవును. లేచి తిరుగుచున్నప్పుడు "ఆవిడ వచ్చారు" అని చెప్పబడు స్త్రీ, స్పృహ తప్పగానే "అది", "దీన్ని", "దీనికి" అగును. పురుషుడైనచో "ఆయన" పోయి "వీడు" వచ్చును. లేదా పేరు పోయి "ఆ ప్రమాదం కేసు", "ఆ వెంటిలేటరు పేషెంటు" అను పిలుపు వచ్చును. ఎవరును బుద్ధిపూర్వకముగా అవమానింపరు. బదులు చెప్పువాడు లేనప్పుడు గౌరవవాచకము దానంతట అదే జారిపోవును. కావున నర్సు మొదట కనిపెట్టి యుండవలసినది తన నాలుకను. రోగి మెలకువగా నున్నప్పుడు ఏ మాటతో పిలిచియుందుమో, మెలకువ లేనప్పుడును ఆ మాటతోనే పిలువవలెను.

ఇక అసలు ప్రశ్న: పలుకని రోగి వినగలడా?

పలుకకుండుట ఒక్కటే స్థితి కాదు. గాఢమైన అపస్మారకములో, అనగా కోమాలో, రోగి కన్నులు తెరువడు. ఎంత పిలిచినను మేలుకొనడు. కొన్ని వారములకు కొందరు కన్నులు తెరచుచు, నిద్రించుచు, మేలుకొనుచు నుందురు గాని తమ్మును, పరిసరములను ఎరిగిన జాడ కనిపింపదు. మరికొందరిలో ఎరుక మిణుకు మిణుకుమని వచ్చి పోవుచుండును. ఇంకొక విధమైన పక్షవాతములో తెలివి పూర్తిగా నుండియు దేహమంతయు కట్టుబడిపోవును. ఫ్రాన్సు దేశపు పత్రికా సంపాదకుడు జాఁ దొమినిక్ బోబీ 1995 డిసెంబరులో అట్టి స్థితికి లోనయ్యెను. ఎడమ కంటి రెప్పను ఆడించుట యొక్కటియే అతనికి మిగిలినది. అక్షరములు ఒక్కొక్కటిగా ఎదుటివారు చదువగా, కావలసిన అక్షరము వద్ద రెప్ప వేయుచు అతడొక పుస్తకమునే వ్రాయించెను. 1997లో అది అచ్చయ్యెను. ఇవి గాక, శ్వాసయంత్రము మీద నుంచుటకై మత్తుమందు ఇచ్చిన రోగులున్నారు. మరణమునకు దగ్గరపడి మగతలో నుండువారున్నారు. వీరందరును పైకి ఒకే విధముగా కనబడుదురు. లోపల ఒక్కటి కాదు.

ఈ లోపలి సంగతిని చూపిన పరిశోధనలలో 2006లో ప్రకటింపబడినది ముఖ్యమైనది. ఇంగ్లండులో రోడ్డు ప్రమాదమున మెదడు దెబ్బతిని, అయిదు నెలలుగా ఎరుక లేదని వైద్యులు నిర్ణయించిన 23 ఏండ్ల యువతిని ఏడ్రియన్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడును, అతని సహచరులును మెదడులోని రక్తప్రసారమును చిత్రించు యంత్రములో పరుండబెట్టిరి. టెన్నిస్ ఆడుచున్నట్లు ఊహించుకొనుమని చెప్పిరి. మరల, తన యింటి గదులలో తిరుగుచున్నట్లు ఊహించుకొనుమని చెప్పిరి. ఆ రెండు వేళల ఆమె మెదడులో ఆరోగ్యవంతుల మెదడులో వలెనే వేర్వేరు భాగములు పనిచేసినవి. వ్రేలైన కదల్పలేని ఆమె చెప్పినమాట వినెను, గ్రహించెను, ఆ ప్రకారము చేసెను. 2010లో ఇట్టి 54 మంది రోగులను పరీక్షింపగా 5 గురిలో ఈ శక్తి కనబడెను. అందొకడు ఈ ఊహల ద్వారానే అవును, కాదు అని కొన్ని ప్రశ్నలకు బదులు చెప్పెను. 2024లో వెలువడిన పెద్ద పరిశోధనలో, ఆజ్ఞలకు పైకి ఏమాత్రము స్పందింపని 241 మందిలో 60 మంది, అనగా ఇంచుమించు నలుగురిలో ఒకరు, లోలోపల ఆ ఆజ్ఞను పాటించుచున్నట్లు తేలెను.

మరణశయ్యను గూర్చియు ఒక పరిశోధన గలదు. కెనడాలోని వాంకూవరు నగరమున మరణాసన్నులను కనిపెట్టి చూచు ఒక ఆశ్రయములో రోగుల తలపై విద్యుత్తంత్రులను అమర్చి, స్వరములు వినిపించి, మెదడు స్పందనలను నమోదు చేసిరి. ఆ ఫలితములు 2020లో వెలువడినవి. చివరి గంటలలో పలుకక పడియున్న కొందరి మెదళ్లు గూడ ఆ ధ్వనులకు ఆరోగ్యవంతుల మెదళ్లవలె స్పందించినవి. దీనిని మించి చెప్పరాదు. ధ్వనిని మెదడు అందుకొనుట వేరు, మాట అర్థమగుట వేరు. అందరును కడవరకు వినుచుందురని ఎవ్వరును రుజువు చేయలేదు. కాని "వీరికేమియు వినబడదు" అని పడక ప్రక్కన నిలిచి ధైర్యముగా చెప్పగల అధికారము మాత్రము ఇక మనకెవ్వరికిని లేదు.

ఈ సందేహమునందు మన నడవడి ఎట్లుండవలెను? రెండు వైపులను తూచి చూడుడు. రోగి వినలేనివాడై మనము మాటలాడినచో పోవునది నాలుగు మాటల ఊపిరి. రోగి వినగలవాడై మనము మాటలాడకున్నచో, పేరు చెప్పక, కారణము చెప్పక, ఎవరివో చేతులు వచ్చి ఆయన దేహమును తిప్పును, గొంతులో గొట్టము దూర్చును, బట్ట విప్పును. ఆ భయమును కేకవేసి చెప్పుకొనుటకైనను ఆయనకు వీలులేదు. ఈ రెండు నష్టములకు పోలిక లేదు. ఇందులకు యంత్రపరీక్ష ఫలితము కొరకు వేచి యుండనక్కరలేదు.

నర్సింగు వృత్తికి మూలపురుషురాలని చెప్పదగిన ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువరించిన తన గ్రంథములో శబ్దములను గూర్చి ఒక ప్రకరణమే వ్రాసెను. గట్టి చప్పుడుకంటె రోగి గదిలోని గుసగుసలే ఎక్కువ క్రూరమైనవని ఆమె అభిప్రాయము. చెవి నిక్కించి వినుటకు ప్రయత్నించు రోగికి మాట అందదు. అది తన్ను గూర్చియే యని మాత్రము తెలియును. యంత్రములు లేని ఆ కాలమున ఆమె కేవలము రోగులను చూచి గ్రహించిన సత్యమిది.

మన దేశములోనే ఇందులకు గొప్ప తార్కాణము గలదు. ముంబయిలోని కె.ఇ.ఎం. ఆస్పత్రిలో నర్సుగా నుండిన అరుణా షాన్‌బాగ్ 1973 నవంబరులో అక్కడి ఉద్యోగి యొకడు చేసిన ఘోరమైన దాడిలో మెదడు దెబ్బతిని, 2015 మే 18వ తేదీన మరణించువరకు, అనగా 41 సంవత్సరములకు పైగా, ఆ ఆస్పత్రి పడక మీదనే యుండెను. ఆమెకు ఆహారమును నిలుపవలెనని ఇతరులు కోరిన వ్యాజ్యములో 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఆమెకు నిజమైన ఆప్తులు ఆ ఆస్పత్రి సిబ్బందియే యని నిర్ణయించెను. ఆ తీర్పులోని వివరములు నర్సులందరును చదువదగినవి. భక్తిగీతములు వినిపించినప్పుడు ఆమె శాంతముగా నుండెడిది. గదిలో జనము ఎక్కువైనచో కలతపడెడిది. మెల్లగా తాకినచో తేరుకొనెడిది. ప్రతి సంవత్సరమును కొత్తగా చేరిన నర్సు విద్యార్థినులను ఆమె పడక వద్దకు తీసికొనిపోయి, ఈమె మనలో ఒకతె, మంచి నర్సు అని పరిచయము చేసెడివారు. ఆమెకు పేరును, వృత్తియు, పూర్వచరిత్రయు నిలిచియుండునట్లు తరతరముల నర్సులు చూచిరి. ఆమెను మొదట చూచిన నర్సులు ఉద్యోగవిరమణ చేసి వెడలిపోయిన పిదపను ఆమె "కేసు" కాలేదు.

ఇప్పుడు ఆచరణకు వత్తము. డ్యూటీకి వచ్చిన నర్సు పడక దగ్గరకు పోయి మొదట రోగిని పిలువవలెను. ఆయనను ఇంటిలో ఏమని పిలుతురో బంధువులను అడిగి తెలిసికొని కేసు కాగితము మీద వ్రాసియుంచుట మంచిది. మాష్టారుగా ముప్పది ఏండ్లు పిలువబడినవానికి ఆ పిలుపే చెవికి పట్టును. తరువాత తానెవరో చెప్పవలెను, వేళ చెప్పవలెను. కన్నులు మూసియున్నవారికి పగలు, రాత్రి అను భేదము మొదట పోవును గనుక, "తెల్లవారింది, కిటికీ తెరుస్తున్నాను" అను చిన్న మాట విలువైనది. చేయబోవు పనిని తాకుటకు ముందుగా చెప్పవలెను: "సూది గుచ్చుతాను, కొంచెం నొప్పిగా ఉంటుంది", "ఎడమ పక్కకి తిప్పుతున్నాము, ఇద్దరం పట్టుకున్నాము, పడిపోరు". చెప్పిన తోడనే చేయక ఒక ఊపిరి సేపు ఆగవలెను. ఆ విరామమే అనుమతి నడుగుట వంటిది. దుప్పటి తీయునపుడు తెర వేసి, తెర వేసితిమని చెప్పవలెను.

కేకలు వేయరాదు, చెవిటివారితో గూడ దగ్గరగా, నిదానముగా చెప్పిన చాలును. వినికిడి యంత్రము వాడువారైనచో దానిని పెట్టెలో దాచక చెవికి పెట్టవలెను. చంటిపిల్లలతో మాటలాడునట్లు ముద్దుమాటలు పలుకరాదు. అరువది ఏండ్లు సంసారము నడిపిన మనిషికి అది మర్యాద కాదు. "కన్ను తెరవండి, చెయ్యి ఎత్తండి" అని వచ్చినవారెల్ల పరీక్షింపరాదు. ఆ పరీక్షకు వేళలున్నవి. గ్లాస్గో నగరపు వైద్యులు 1974లో ప్రకటించిన కొలమానము ప్రకారము కన్ను తెరచుట, మాట, కదలిక అను మూడింటికి 3 మొదలు 15 వరకు అంకెలు వేయుదురు. ఆ అంకె వేయుటకును మొదట మాటలాడియే చూడవలెను. నిత్యము రోగితో మాటలాడు నర్సుకే కనురెప్పలోని మొదటి అదురు, నొసటి మీది మొదటి ముడత కనబడును. మాట మర్యాద మాత్రమే కాదు, చికిత్సలో భాగము కూడ.

మన తెలుగు దేశములలో ఒక జాగ్రత్త అధికముగా కావలెను. హైదరాబాదు వార్డులో ఉర్దూ మాటలాడువారుందురు. భద్రాచలము వైపు కోయవారు, ఆదిలాబాదు వైపు గోండులు వత్తురు. వారి భాష మనకు రాకపోవచ్చును. అమ్మ, అయ్య, నీళ్లు, నొప్పి, భయపడకు అను కొన్ని మాటలను బంధువుల వద్ద నేర్చుకొని పలుకుట కష్టము కాదు. చిన్ననాటి భాషలోని మాట చాల లోతుకు పోవును.

పడక వద్ద అనకూడని మాటలును ఉన్నవి. "ఇంక లాభం లేదు", "ఎన్నాళ్లుంటారో", "రోజుకి ఇంత ఖర్చవుతోంది", "ఇంటికి తీసుకుపోతే దారిలోనే" అనునవి రోగి వినదగినవి కావు. ఇవి మాటలాడరాదని కాదు, మాటలాడక తప్పదు. అప్పు చేసి వచ్చిన కుటుంబము ఖర్చును గూర్చి అడుగకుండునా? కాని వారిని మెల్లగా వసారాలోనికి పిలిచి మాటలాడవలెను. ఆస్తి తగవులు పడక మీద మొదలైనప్పుడు "మీరు బయటకు రండి" అనుటకు నర్సు జంకరాదు. ఆ వేళ రోగి తరఫున మాటలాడగలది ఆమె యొక్కతెయే.

మరణము సమీపించినవారి విషయములో మాట మరింత సున్నితమైనది. "రేపటికి లేచి కూర్చుంటారు" అను బొంకు వారికి అక్కరలేదు. వారి దేహము వారికి నిజము చెప్పుచునే యుండును. తెలివియున్న రోగి "సిస్టరూ, నేను పోతానా?" అని అడిగినప్పుడు ఆ మాటను నవ్వి త్రోసివేయుట సులభము. దానికంటె స్టూలు లాగికొని కూర్చుండి, "ఎందుకలా అనిపిస్తోంది? దేనికి భయంగా ఉంది?" అని అడుగుట మేలు. అప్పుడు నొప్పి సంగతియో, చిన్న కూతురి పెండ్లి సంగతియో బయటకు వచ్చును. సిసిలీ సాండర్సు నర్సుగా పనిచేసి, పిదప వైద్యవిద్య నభ్యసించి, 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ అను ఆశ్రయమును నెలకొల్పెను. మందుతో పాటు వినుట గూడ చికిత్సయే యని ఆమె లోకమునకు చూపినది. మన దేశములో 1986లో ముంబయిలో శాంతి అవేదన సదనము ఏర్పడినది. నేడు హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రిలోను ఇట్టి ఉపశమన వైద్యము లభించుచున్నది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు గౌరవముతో మరణించు హక్కును జీవించు హక్కులో భాగముగా అంగీకరించినది. ఆ గౌరవము కోర్టు కాగితములనుండి పడక వద్దకు నర్సు మాట ద్వారానే చేరవలసియున్నది.

చివరి గంటలలో ఊపిరి తీరు మారును. కొంతసేపు వేగముగా వచ్చి, ఆగి, మరల వచ్చును. గొంతులో గురగుర శబ్దము వినవచ్చును. బంధువులు దానిని చూచి తల్లడిల్లుదురు. ఇది ఇట్లే జరుగుననియు, ఆ శబ్దము రోగిని మన మనుకొనునంతగా బాధింపదనియు ముందుగానే చెప్పినచో వారు పారిపోక దగ్గర కూర్చుందురు. "మాటలాడండి" అనిన చాలదు. ఏమి మాటలాడవలెనో వారికి తోచదు. "మీరెవరో చెప్పండి. పొలం సంగతి చెప్పండి. మనవడి చదువు చెప్పండి. చెయ్యి పట్టుకోండి" అని చూపవలెను. క్షమాపణ చెప్పుకొనవలసినవారు చెప్పుకొందురు. ఏడ్పు వచ్చినచో రానిండు. మాట రానివారు ఊరక చేయి పట్టుకొని కూర్చుండినను చాలును. మౌనముగా దగ్గర నుండుట వేరు, లేనట్లు చూచుట వేరు.

మన పెద్దలకు ఈ సంగతి కొత్తది కాదు. తులసి తీర్థము నోట పోసి చెవిలో నారాయణ నామము చెప్పుటయు, ముస్లిములు కలిమా వినిపించుటయు, క్రైస్తవులు ప్రార్థన చేయుటయు, పోవువాడు వినుచున్నాడను నమ్మకము మీదనే నడచుచున్నవి. నర్సు తన మతమును అక్కడికి తేరాదు. రోగి మతమునకు దారి ఇవ్వవలెను. 2020, 2021 సంవత్సరములలో కరోనా వార్డులలోనికి బంధువులను రానీయని దినములలో, ఎందరో నర్సులు తమ చేతి ఫోనును రోగి చెవి వద్ద పట్టి బిడ్డల గొంతు వినిపించిరి.

ప్రాణము పోయిన పిదపను మాట ఆగిపోనక్కరలేదు. దేహమును శుభ్రము చేయునపుడు "అమ్మా, ముఖము తుడుస్తున్నాము" అని మెల్లగా అను నర్సులను నేనెరుగుదును. వారి చేతులు దానివలన మెత్తబడును. ద్వారము వద్ద నిలిచియున్న బిడ్డలు ఆ మాట విందురు.

"ఒక్కొక్కరము ఇంతమంది రోగులను చూచుకొనవలెను, మాటలాడుటకు తీరిక యెక్కడ?" అని నా చెల్లెండ్లవంటి నర్సులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. వార్డులలో నర్సుల సంఖ్య పెరుగవలెను. అందు సందేహము లేదు. అయినను నేను చెప్పునది వేరే పని కాదు. ప్రక్క మార్చుటకు, నోరు తుడుచుటకు, మందు ఇచ్చుటకు ఎట్లును ఆ పడక వద్దకు పోవలసినదే. అప్పుడు మన నోరు ఎట్లును ఏదో మాటలాడుచునే యుండును. ఆ మాటను రోగి మీదుగా పోనీయక రోగి వైపు త్రిప్పుడు. అందులకు అదనముగా ఒక్క నిమిషము పట్టదు.

రేపు ఉదయము మీ వార్డులో అడుగుపెట్టినప్పుడు, పలుకని రోగి యున్న మొదటి పడక వద్ద ఆగి, ఆ మనిషి పేరేమో అడిగి తెలిసికొని, ఆ పేరుతో పిలువుడు. బదులు రాకపోవచ్చును. అయినను పిలువుడు.